మూతపడిన పెట్రోలు బంకు: నేల, భూగర్భజల కాలుష్య పరిశోధన

ఒకప్పుడు పెట్రోలు బంకు నడిచిన స్థలంలో భూమిలోకి ఇంధనం కారిందా, కారితే ఎంత లోతుకు, ఏ దిక్కుకు వెళ్లింది, దానివల్ల ఎవరి నీటికి ముప్పు అనేది తేల్చే పరిశీలన ఇది. డిస్పెన్సర్లు, షెడ్డు తీసేశాక పైన మిగిలేది ఖాళీ సిమెంటు నేలే. ఆరా తీయాల్సిందంతా దాని కింద ఉంటుంది.

ఈ పని అమెరికాలో చట్టం పరిధిలోకి వచ్చింది 1984లో. విషవ్యర్థాల స్థలాలను బాగుచేయడానికి 1980లో తెచ్చిన సూపర్‌ఫండ్ చట్టం పెట్రోలియంను పక్కన పెట్టింది. ఆ లోటు పూడ్చడానికి భూగర్భ ట్యాంకుల కోసం వేరుగా సవరణ చేశారు. 1988లో నిబంధనలు వచ్చాయి. ఉత్త ఇనుప ట్యాంకులకు తుప్పు రక్షణ కల్పించడానికో, వాటిని తీసేయడానికో 1998 డిసెంబరు 22 దాకా గడువిచ్చారు. ఆ ఖర్చు భరించలేక చిన్న బంకులు చాలా మూతపడ్డాయి. నిర్ధారణ అయిన లీకులు అక్కడ ఇప్పటికి 5 లక్షలు దాటాయి.

కారినది కొంచెమే అయినా తేలిగ్గా తీసుకోకూడదు. పెట్రోలులో ఉండే బెంజీన్ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైంది. తాగునీటిలో దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, అమెరికా పెట్టినది 5. పరిమాణంలో ఒక శాతం బెంజీన్ ఉన్న లీటరు పెట్రోలులో అది సుమారు 8.8 గ్రాములు ఉంటుంది. అదంతా నీటిలో కలిస్తే దాదాపు 9 లక్షల లీటర్లు ఆ 10 మైక్రోగ్రాముల హద్దుకు చేరతాయి.

పరిశోధన మొదలయ్యేది కాగితాలతో. అమెరికాలో దీన్ని ఫేజ్ 1 అంటారు. పాత అనుమతి పత్రాలు, ఏరియల్ ఫొటోలు, శాన్‌బార్న్ అగ్నిబీమా పటాలు వెతికి ట్యాంకులు, పైపులు ఎక్కడ ఉండేవో గుర్తిస్తారు. రోజూ డిప్ రాడ్‌తో కొలిచి రాసిన స్టాకు రిజిస్టరు దొరికితే ఇంకా మంచిది. అమ్మకాలకు, మిగిలిన సరుకుకు లెక్క కుదరని నెలలు లీకు వయసు చెబుతాయి. అక్కడ పనిచేసినవారిని అడగడం చాలామంది మొక్కుబడిగా కానిస్తారు. ఎప్పుడో పూడ్చేసిన రెండో ట్యాంకు సంగతి కాగితాల్లో లేకపోయినా వాళ్లకు గుర్తుండవచ్చు.

ఆ తర్వాతే తవ్వకం, అంటే ఫేజ్ 2. ట్యాంకుల అడుగు, పైపుల అతుకులు, డిస్పెన్సర్ల కింది భాగం, ట్యాంకరు ఇంధనం దించే చోటు అనుమానం ఎక్కువగా ఉండే జాగాలు. తీసిన మట్టిని లోతు వారీగా పీఐడీ అనే ఆవిరి కొలిచే పరికరంతో చూస్తారు. ఆవిరి ఉందో లేదో అది చెబుతుంది గానీ ఏ రసాయనమో చెప్పదు. అది ప్రయోగశాలలో తేలాలి. పొలం మట్టి పరీక్షకు చేసినట్టు నాలుగైదు చోట్ల మట్టి తీసి పట్టా మీద కలిపితే ఇక్కడ అసలు సాక్ష్యమే ఆవిరైపోతుంది. అందుకే నమూనాను తీసిన వెంటనే మూసేస్తారు. నీటినైతే 40 మిల్లీలీటర్ల సీసాలో బుడగ కూడా లేకుండా నింపి, ఆమ్లం కలిపి, మంచులో పెట్టి పంపుతారు. 14 రోజుల్లోగా పరీక్ష పూర్తి కావాలి.

నీటి వాలు తెలియాలంటే ఒకే వరసలో లేని మూడు పరిశీలక బావులైనా కావాలి. వాటి మూతి ఎత్తులను లెవెల్ పరికరంతో కొలిచి, నీటి మట్టాలు పోల్చి, ప్రవాహ దిశ లెక్క కడతారు. పెట్రోలు నీటికన్నా తేలిక, పైన తేలుతుంది. కాబట్టి బావి గొట్టంలోని జల్లెడ భాగం నీటి మట్టానికి కిందా మీదా ఉండాలి. మొత్తం నీటిలో మునిగేలా పెడితే తేలే పెట్రోలు బావిలోకి రాదు. నివేదిక మాత్రం శుభ్రమని వస్తుంది. ప్రయోగశాల పొరపాట్లకన్నా ప్రమాదకరమైనది ఇదే. నీటి మట్టం మే నెలలో ఒకలా, నవంబరులో ఒకలా ఉండే మన ప్రాంతాల్లో ఒక్కసారి తీసిన నమూనాతో తీర్పు చెప్పకూడదు. మట్టం దిగి ఎక్కినప్పుడల్లా పెట్రోలు ఆ మందమంతా మట్టికి పూసుకుపోతుంది.

తెలంగాణలో, రాయలసీమలో చాలా భాగం గట్టి రాతి నేల. నీరు అక్కడ రాతి పగుళ్ల వెంట పారుతుంది. ఇసుక నేలకు వేసిన లెక్కలు అక్కడ సరిపోవు. మామూలు బోరుబావిలో వేర్వేరు లోతుల పగుళ్ల నీరంతా కలిసిపోతుంది కనుక దాని నమూనా నమ్మదగినది కాదు. పై పొర కలుషితమైన చోట కేసింగు సరిగా దించకుండా బోరు వేస్తే కాలుష్యానికి కిందికి దారి మనమే ఇచ్చినట్టు.

పెట్రోలులో కలిపిన పదార్థాలు కూడా కాలాన్ని పట్టిస్తాయి. సీసం ఆనవాళ్లు దొరికితే లీకు పాతది. భారతదేశం 2000లో సీసం పెట్రోలును ఆపేసింది. అమెరికాలో తర్వాత పెట్రోలులో కలిపిన ఎంటీబీఈ అనే రసాయనం అన్నిటికన్నా పెద్ద తలనొప్పి. బెంజీన్‌ను నేలలోని సూక్ష్మజీవులు తింటాయి. కాలిఫోర్నియా లీకులపై 1995లో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల చేసిన అధ్యయనంలో ఎక్కువ చోట్ల బెంజీన్ 260 అడుగులు దాటలేదు. ఎంటీబీఈ అలా కాదు. నీటిలో బాగా కరుగుతుంది, మట్టికి అంటుకోదు, సూక్ష్మజీవులకు ఓ పట్టాన లొంగదు. ఇది తన చార్నాక్ తాగునీటి బావుల్లో కనిపించడంతో కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరం 1996లో వాటిని మూసేసి, తన నీటి సరఫరాలో దాదాపు సగం పోగొట్టుకుంది. శుద్ధి కేంద్రం కట్టి మళ్లీ వాడుకలోకి తెచ్చేసరికి పదేళ్లు దాటిపోయింది. ఈ పదార్థాన్ని నిలిపేయాలని కాలిఫోర్నియా గవర్నరు 1999లో ఆదేశించారు.

భారతదేశంలో కొత్త బంకుల స్థలాలపై కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జులైలో ప్రత్యేక నియమాలు తెచ్చింది. పాత బంకు స్థలం కొనేవారు మాత్రం నియమాల అమలు కోసం ఎదురుచూడకుండా, ట్యాంకు తీసిన గుంత అడుగు నుంచీ పైపుల దారి నుంచీ తీసిన మట్టి పరీక్ష ఫలితాలను రిజిస్ట్రేషన్‌కు ముందే అడిగి తీసుకోవాలి.