కొట్టుకుపోయిన గొడ్డుకు సాక్ష్యం ఎవరు?

కలకత్తాకూ మన బందరుకూ చేదు చుట్టరికం ఒకటుంది. 1864 అక్టోబర్ 5న తుఫాను కలకత్తాను ఊడ్చేసింది. నెల తిరక్కుండానే, నవంబర్ 1న, మరో తుఫాను బందరును ముంచింది. కలకత్తాలో స్థిరపడ్డాక బెంగాల్ చరిత్ర చదువుతున్నకొద్దీ నన్ను వదలని ప్రశ్న ఒకటే: నీళ్లు తీశాక, గొడ్డు పోయిన ఇంటికి సర్కారు ఏమిచ్చింది?

చాలాకాలం ఇచ్చింది అప్పే. 1884 చట్టం కింద రైతు పశువులు కొనుక్కోవడానికి తక్కావి, అంటే సర్కారు అప్పు, పుట్టేది. మన తాతలకూ తెలిసిన మాటే అది. ఎద్దు చచ్చినా వాయిదా చావదు.

1942 అక్టోబర్ 16న మేదినీపూర్ తీరాన్ని ఉప్పెన ముంచెత్తింది. మరుసటి ఏటి బెంగాల్ కరువుపై వేసిన విచారణ సంఘం లెక్క ప్రకారం సుమారు 14,500 మంది మనుషులు, 1,90,000 పశువులు పోయాయి. అప్పటికి ఆ జిల్లాలో క్విట్ ఇండియా పోరు రగులుతోంది. దొరల ప్రభుత్వం తుఫాను వార్తనే కొన్నాళ్లు బయటికి పొక్కనివ్వలేదు. డిసెంబర్ 17న అదే జిల్లాలోని తమ్లూక్ జనం తామ్రలిప్త జాతీయ సర్కారు పెట్టుకుని, తామే సాయం పంచుకున్నారు. 1943 కరువుకు కారణాలు చాలా ఉన్నాయి. కానీ దుక్కిటెద్దులు పోయిన పల్లె తిరిగి నిలబడలేదన్నది వాటిలో మనం తక్కువగా తలుచుకునేది.

ఇవాళ ఆ సాయం అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేనిది. 2022-26 విపత్తు సహాయనిధి నిబంధనల్లో పాడి ఆవుకో గేదెకో రూ.37,500, మేకకో గొర్రెకో రూ.4,000, కోడికి రూ.100 ఉంది. ఇంటికి మూడు పెద్ద పాడి పశువులు లేదా ముప్పై మేకల వరకే.

ఆచరణ వేరు. 2020 మే 20న బెంగాల్‌లో ఆంఫన్ తుఫాను వచ్చిపోయాక సాయం పంపిణీలో అక్రమాలపై గగ్గోలు పుట్టింది. కలకత్తా హైకోర్టు కాగ్ చేత లెక్కలు చూడమంది. మరుసటి ఏడు యాస్ తుఫాను తర్వాత రాష్ట్రం పద్ధతి మార్చింది. ‘దువారే త్రాణ్’ (గుమ్మం దగ్గరికే సాయం) పేరుతో ఊళ్లోనే శిబిరం పెట్టి దరఖాస్తులు తీసుకుని, డబ్బు నేరుగా ఖాతాలో వేసింది. మంచి పని.

అయినా డబ్బు ఎక్కువగా చావుకే. సుందరబన్‌లో కరకట్ట తెగితే చెరువులోకి ఉప్పునీరు చేరుతుంది, గడ్డి మాడిపోతుంది. అక్కడి గరోల్ గొర్రె పొట్టిది, బురదలో బతకనేర్చింది, ఈతకు రెండు మూడు పిల్లలను కంటుంది. అలాంటి గొర్రె కూడా తాగేందుకు మంచినీళ్లు లేకపోతే ఎన్నాళ్లు నిలుస్తుంది? బతికిన జీవాన్ని వచ్చినకాడికి తెగనమ్ముకుంటే ఆ నష్టం ఏ పట్టీకీ ఎక్కదు. శిబిరంలో కట్టేసిన పశువుకే మేత డబ్బు వస్తుంది. కళేబరం నదిలో కొట్టుకుపోతే చావును రుజువు చేయడమే గగనం. పాలికి మేపే పేదరాలి పేరు అసలు కాగితం మీదే ఉండదు. చచ్చినదానికి పరిహారం కన్నా బతికినదానికి మేత, నీళ్లు ముందు అందాలి. బెంగాల్ తీరం నాకు నేర్పింది ఇదే.

దివిసీమలో, ఉప్పాడలో, భావనపాడులో ఉన్న మీకు ఒక్క విన్నపం. తుఫానుల అక్టోబర్ రాకముందే పశువుల ఆసుపత్రికి వెళ్లి ప్రతి గొడ్డుకూ పన్నెండంకెల చెవి ట్యాగు వేయించండి. ఆ నంబరు, గొడ్డు ఫొటో రుజువుగా ఫోనులో దాచుకోండి. పాలికి మేపేవాళ్ల పేరు కూడా రాయించండి.