పేకాటలో ప్రక్కముక్కలు: ఒక చారిత్రక పరిశీలనము

బళ్ళారి కంటోన్మెంటు వంటి రెండు భాషల పేటలలో ‘ఇస్పేటు’ అను మాటకు అర్థము చెప్పనక్కరలేదు. తెలుగువారికది పేకలోని నాలుగు జాతులలో నొకటి. కన్నడిగులకు పేకాట యంతయు నదియే. ఈ పదము పోర్చుగీసువారి ‘ఎస్పాదా’ నుండియు, ఆఠీను, కళావరు అను పేర్లు డచ్చివారి ‘హార్టెన్’, ‘క్లావెరెన్’ అను మాటల నుండియు వచ్చినవి. ఓడలపై వచ్చిన ఆటను మనవారు తమదిగా జేసికొనిరి. ఇటీవలి కాలమున మరియొక తీరు పరదేశపు పేకాట బాలుర చేతికి వచ్చినది. దానితోపాటు ఒక వివాదమును వచ్చినది: పోటీలో ఒక ఆట ముగిసి వేరొక ఆట మొదలగులోపల పేకలోని ముక్కలను మార్చుకొన నీయవచ్చునా?

పూర్వపు ఆటలలో ఈ ప్రశ్న పుట్టుటకే తావు లేదు. బాబరు 1527లో సింధునందలి షా హసనునకు గంజిఫా ముక్కలను పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. మొగలు గంజిఫాలో జాతికి 12 చొప్పున 8 జాతులు, 96 ముక్కలు. దశావతార గంజిఫాలో 10 జాతులు, 120 ముక్కలు. మైసూరు ప్రభువైన మూడవ కృష్ణరాజ ఒడయరు ఇట్టి ఆటలను పెక్కింటిని క్రొత్తగా కల్పించెను. ముక్కలెన్నియైనను పేక యొక్కటియే. దానినే కలిపి అందరికిని పంచుదురు. కలవానికిని లేనివానికిని దొరకునవి ఆ పేకలోని ముక్కలే. వెలుపలినుండి ముక్క తెచ్చినవాడు మోసగాడు. ప్రక్కముక్కల పేరు వినగానే పెద్దలకు కలుగు శంకకు మూలమిదియే.

1993లో అమెరికాలో రిచర్డు గార్‌ఫీల్డు కల్పనగా వెలువడిన ‘మేజిక్: ద గ్యాదరింగ్’ ఈ పద్ధతిని తలక్రిందులు చేసినది. ఇందు ఎవని పేకను వాడే కొని, కూర్చుకొని తెచ్చును. పోటీపేకలో కనీసము 60 ముక్కలుండవలెను. దీనికితోడుగా 15 ముక్కల ‘సైడ్‌బోర్డు’, అనగా ప్రక్కముక్కల కట్ట యుండును. మూడాటలలో రెండు గెలిచినవానిది జయము. మొదటి ఆట అసలు పేకతోనే ఆడవలెను. పిదప ఎదిరి పోకడ నెరిగి ముక్కలు మార్చుకొనవచ్చును. క్రొత్త ఎదిరి వచ్చినపుడు మరల అసలు పేకయే. ఒకటి తీసిననే ఒకటి చేర్చవలెనను నియమము 2013 వరకు నడచి, ఆ యేట సడలినది. జపానున 1996లో పుట్టిన పోకెమాన్ పేకాటలో మాత్రము సరిగా 60 ముక్కలే, ప్రక్కముక్కలు లేవు. కాబట్టి రెండు మార్గములును ఆచరణలో నిలిచినవే.

వలదనువారి వాదములు తేలికగా త్రోసివేయదగినవి కావు. పేకను కూర్చుటలోని లోపమునకు ఆటగాడే ఫలము ననుభవింపవలెనని వారందురు. కాలవ్యయమును చూపుదురు. అన్నిటికంటె బలమైనది ధనమును గూర్చిన మాట: 60 ముక్కలు కొనలేని బాలుడు మరి 15 ఎక్కడ తెచ్చును?

ఔననువారికి ఊతమిచ్చు విచారణ యొకటి మరియొక కంటోన్మెంటు పట్టణమైన సికిందరాబాదున మొదలైనది. అక్కడి క్లబ్బులో రమ్మీ ఆడినవారిపై నడచిన వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయెను. 1967లో న్యాయమూర్తి హిదయతుల్లా, రమ్మీ మూడుముక్కలాట వలె కేవలము అదృష్టముపై నడచునది కాదనియు, పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనుటకును, ఏది నిలుపవలెనో ఏది విడువవలెనో యెంచుటకును నేర్పు కావలెననియు నిర్ణయించెను. ఆ తీర్పు ప్రక్కముక్కలను గూర్చినది కాదు. కాని అందలి కొలత ఇచటను పనికివచ్చును. ఒక తీరు పేకకు మరియొక తీరు పేక సహజముగనే లొంగిపోవును. ఎవనికెవడు ఎదురుపడునో చీట్ల వలన తేలునపుడు, మార్పునకు వీలులేనిచో ఓటమి ముక్క పట్టకమున్నే నిశ్చయమగును. నిలుపుట, విడుచుట అను నేర్పునకు ప్రక్కముక్కలు రెండవ అవకాశమిచ్చును.

క్రికెట్టున ఐ.పి.ఎల్. పోటీలలో 2023 నుండి ముందుగా ప్రకటించిన కొద్దిమందిలో ఒకనిని ఆట నడుమ దింపుటకు అనుమతి గలదు. ‘ముందుగా ప్రకటించుట’యే ఇందలి ప్రాణము. వెలుపలి ముక్క మోసమగుట అది దాచబడినందువలననే; పట్టికలో చేర్చి, లెక్క కట్టి, నిర్వాహకులకు అప్పగించినది మోసము కానేరదు.

ఇక ధనము మాట. దానికి సమాధానము ఆ ఆటలోనే కలదు. ‘సీల్డు’ అను పద్ధతిలో ఆటగాళ్లందరును సమసంఖ్యలో, సాధారణముగా ఆరేసి, విప్పని పొట్లములను పోటీస్థలముననే తెరచి, వానితోనే 40 ముక్కల పేక కూర్చుకొందురు. మిగిలినవన్నియు ప్రక్కముక్కలే. ఇంటినుండి తెచ్చిన ముక్కలకు ఇందు తావు లేదు.

కావున పెద్దల పోటీలలో పట్టిక నియమముతోను, పాఠశాల బాలుర పోటీలలో ఈ సమపంపక పద్ధతితోను ప్రక్కముక్కలను అనుమతించుట యుక్తము. ఒకే పేకను అందరికిని పంచిన పూర్వుల న్యాయము చెడకుండ, క్రొత్త ఆటలోని నేర్పును దక్కించుకొను మార్గమిదియే.