దుకాణం గడప, చందా పుస్తకం

రాజకీయ పార్టీల విరాళాల మీద జరిగినంత చర్చ, వీధి చివరి గ్రంథాలయానికో కార్మికవాడలోని బడికో డబ్బు ఎలా పోగయిందన్న దాని మీద మన దగ్గర జరగలేదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లను కొట్టివేసింది. ఎవరు ఇచ్చారో ఓటరుకు తెలియాలన్నది ఆ తీర్పుకు ఆయువుపట్టు. ఇచ్చినవాడికి ప్రతిగా ఏం ముడుతోందన్న అనుమానం అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ అనుమానం కాలనీ సంఘాన్నీ వదలదు.

వ్యాపారానికీ ప్రజాసంస్థకూ మధ్య పొత్తు తెలుగువారికి కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. సంగీత సభల్లో ఆ మందును ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. నేడు ‘స్పాన్సర్‌షిప్’ అంటున్నది ఇంచుమించు ఇదే. సభకు జనం ఉన్నారు, సరుకుకు జనం కావాలి. వ్యాపారి దగ్గర సిగ్గుపడకుండా చెప్పదగిన మాట ఇది. అయితే పంతులుగారు అక్కడితో ఆగలేదు. 1908లో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రికకు ఆ మందు సీసాల లాభమే ఆసరా. గ్రంథాలయాలకూ ఆయన చేయి ధారాళంగా సాగింది. లోకం ఆయనను విశ్వదాత అన్నది ఊరికే కాదు. సరుకు పేరు జనం నోట నిలబడటానికి చేసే ఖర్చు వేరు, ప్రతిఫలం ఆశించని దానం వేరు. ఒకే మనిషి రెండూ చేయవచ్చు. అడిగేవారికి మాత్రం తాము ఏది అడుగుతున్నామో స్పష్టంగా తెలిసి ఉండాలి.

అడగడంలో మరో పాఠం బెజవాడది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అక్కడ సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయల లక్ష్యం పెట్టింది. గడువు జూన్ 30. కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు కూడా ఆ తీర్మానంలోనివే. నిధి లక్ష్యం నెరవేరింది, అందులో పెద్ద వాటా బొంబాయి నగరానిది. ఆర్దేశిర్ గోద్రెజ్ ఒక్కరే మూడు లక్షలు ఇచ్చారు. ‘తోచింది ఇవ్వండి’ అనే యాచనకూ, ‘ఇంత కావాలి, ఈ తేదీలోగా, ఈ పనికి’ అనే పిలుపుకూ ఉన్న దూరం ఇక్కడ కనిపిస్తుంది. కోటీశ్వరుల లక్షలతో పాటు పేదల అణాలు కూడా అదే నిధిలో చేరడం వల్ల, అది ఏ ఒక్కరి సొత్తూ కాలేదు.

ఇప్పుడు ఖరగ్‌పూర్‌కు వద్దాం. బెంగాల్ నాగపూర్ రైల్వే దారి వెంట ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళిన కుటుంబాలు అక్కడి వర్క్‌షాపు చుట్టూ స్థిరపడ్డాయి. గోల్ బజార్ మొదలు సాలువా దారి వరకు ఆ పట్టణంలో అనేక భాషలు వినిపిస్తాయి. సాలువాలో ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ స్థావరం ఉంది. రైల్వే ఒక వైపు, సర్కారు దళం మరో వైపు. ఇలాంటి ఊళ్ళో పెద్ద వ్యాపారి అరుదు. జీతాల రోజు మీద బతికే కిరాణా వర్తకుడే ఎక్కువ. 1927లో వి.వి. గిరి నాయకత్వంలోని యూనియన్ ఇక్కడ ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరు నుంచి మరోసారి పోరాటానికి దిగింది. రెండోసారి మూలకారణం వర్క్‌షాపులో ఉద్యోగాల కోత. జీతం ఆగిన కార్మికవాడలో పొయ్యి వెలగడం అంగడివాడి అరువు మీదే ఆధారపడుతుంది. చందా పుస్తకంలో ఎక్కని విరాళం అది. నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనదీ అదే. యూనియన్ మాత్రం సభ్యుల చందాతోనే నిలబడాలి. కంపెనీ దగ్గర చేయి చాచిన మరుక్షణం కంపెనీ మీద గొంతు పోతుంది.

కాబట్టి సాలువాలోనో గోల్ బజార్‌లోనో ఒక తెలుగు సంఘం పిల్లల గ్రంథాలయానికి డబ్బు అడగబోతే, 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ పెద్దగా అక్కరకు రాదు. మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు చేయాలన్న నిబంధన నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు అనే మూడు గీతల్లో ఏదో ఒకటి దాటిన కంపెనీలకే. బియ్యం బస్తాలు అమ్మే వర్తకుడు ఆ లెక్కలోకి రాడు. అతనికి తన గిరాకీ పిల్లలు ఆ గ్రంథాలయంలో చదువుతున్నారా, డబ్బు ఎక్కడ ఖర్చయింది అన్నవే ప్రశ్నలు. బెంగాల్‌లో పూజా చందా రసీదు పుస్తకాన్ని చూడగానే దుకాణదారు ముఖం ఎందుకు మాడుతుందో తెలిసినవారు, పదిమంది కుర్రాళ్ళను వెంటేసుకుని గడప ఎక్కరు. పెద్దమనిషి ఒకరు, మధ్యాహ్నం బేరం లేని వేళ, గత సంవత్సరపు జమాఖర్చు కాగితంతో వెళ్తారు. కాదంటే నమస్కరించి వస్తారు. డబ్బు ఇవ్వలేనివాడు రెండు కుర్చీలు, ఒక బల్ల ఇవ్వవచ్చు. వాటినీ విలువ కట్టి పుస్తకంలో రాయాలి. ఇచ్చినవారి పేరు గోడ మీద పలక రూపంలో ఉండవచ్చు గాని, పుస్తకాల ఎంపికలో వారి మాట ఉండకూడదని మొదటి రోజే చెప్పేయాలి. సంఘానికి 80జి గుర్తింపు ఉంటే, పాత పన్ను విధానంలో ఉన్న వర్తకుడికి కొంత ఊరట. అయితే 2000 రూపాయలు దాటిన నగదుకు ఆ మినహాయింపు లేదు కాబట్టి, పెద్ద మొత్తం చెక్కుగానో ఫోను ద్వారానో తీసుకోవడం ఇద్దరికీ క్షేమం.