ఇండెక్సు రెండు, పెరవలిపాలెం, పసుపు ఏనుగు

తెనాలిలో ఇల్లు కొనబోయేవాడు ముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తాడు. ఆన్‌లైన్లో అయితే అది 1983 జనవరి 1 దగ్గర ఆగిపోతుంది. అంతకు ముందు సంగతి కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కాల్సిందే. ఈ 1983 ఎక్కణ్ణుంచి ఊడిపడిందా అని తీగ లాగాను. 1998 నవంబరులో 'కార్డ్' పేరుతో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్లకెక్కించినప్పుడు, వెనకటి పదిహేనేళ్ల ఇండెక్సులను మాత్రమే టైపు చేయించారట. తొంభై ఎనిమిదిలోంచి పదిహేను పోతే ఎనభై మూడు. అంతే లెక్క!

నన్ను మురిపించింది ఆ ఇండెక్సులే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 55వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దస్తావేజుకు రెండు ఇండెక్సులుండాలి. ఒకటోది రాసిచ్చినవాళ్ల, రాయించుకున్నవాళ్ల పేర్లతో. రెండోది ఆస్తి వివరాలతో. జనం దేన్ని పట్టుకుని వెతుకుతారు? ఒరాకిల్ టేబుల్ మీద ఇండెక్సు వేసే డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) తనకు తాను వేసుకునే మొదటి ప్రశ్న ఇదే. ఐబీఎంలో కాడ్ డేటాబేసుల రిలేషనల్ నమూనా ప్రకటించింది 1970లో. అప్పటికే మన గుమాస్తాలు అరవై ఏళ్లుగా, వేలు తడి చేసుకుంటూ ఆ పనిలో ఉన్నారు.

ఇంకా వెనక్కి వెళ్తే కరణం తగులుతాడు. ఆయన దగ్గరికొచ్చాక నాకు కదలబుద్ధి కాదు. మెకంజీ దొర కావలి సోదరుల చేత రాయించిన ఊళ్ల చరిత్రల్లో, అంటే కైఫియత్తుల్లో, చాలా సమాచారం కరణాల తాటాకు కవిలెల్లోంచి దిగిందే. మెకంజీ 1821లో పోయాడు. ఆ తరవాత బెజవాడ ఆనకట్ట 1855 కల్లా పూర్తయి డెల్టాకు కాలవ నీళ్లొచ్చాయి, కరణం రాయాల్సిన గళ్లూ పెరిగాయి. అడంగల్లో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, సాగుదారు, పంట, నీటి ఆధారం. పక్కన ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లోనూ ఉండే డైగ్లాట్ రిజిస్టరు. ఏటా జమాబందీలో పైఅధికారుల ముందు ఫసలీ లెక్క ఒప్పజెప్పాలి. నేటి ఆడిటర్ల ముందు డీబీఏలు పడే తిప్పలు ఆయనకూ ఉండేవి. కాకపోతే పాస్‌వర్డ్ ఆయన చేతి కలమే. ఆ కలానికి ఊరు ఎంత జడిసేదో సుమతీ శతకంలో కరణాల మీద పడ్డ చెణుకులు చూస్తే తెలుస్తుంది.

ఆ కలం తండ్రి చేతినుంచి కొడుకు చేతికే వెళ్లాలని 1895లో మద్రాసు ప్రభుత్వం చట్టమే చేసింది. దాని నడుం విరిచిన తగాదా పుట్టింది మన తెనాలి తాలూకాలోనే. పెరవలిని విడదీసి పెరవలిపాలేన్ని వేరే గ్రామంగా చేస్తే, అదే చట్టం కిందికొచ్చే కొత్త మునసబు పోస్టు పాత మునసబు వారసుడికే దక్కింది. ఇంకో అభ్యర్థి సుప్రీంకోర్టుకెక్కాడు. వంశాన్ని చూసి ఉద్యోగమివ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పొచ్చింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ఆర్డినెన్సు కరణం, మునసబు పోస్టులనే ఎత్తేసింది. మరుసటేడు సుప్రీంకోర్టు దాన్నీ ఖాయం చేసింది.

ఆ పెత్తనం పోవాల్సిందే, నాకు బెంగ లేదు. కానీ దస్త్రాలు స్వాధీనం చేసుకున్నవాళ్లు కరణం బుర్రను స్వాధీనం చేసుకోలేదు. అడంగల్లో అన్న పేరుండి చేలో తమ్ముడెందుకు దున్నుతున్నాడో, ఏ గట్టు నోటిమాట మీద జరిగిందో ఏ గడిలోనూ లేదు. పట్టికలు చేతికొచ్చాయి, వాటి అర్థం ఇంటికెళ్లి అరుగు మీద కూర్చుంది.

ఆ తరవాతి కథ హైదరాబాదు అమీర్‌పేటలో నడిచింది. బాపట్ల ఇంజినీరింగు కాలేజీ నుంచో, రేపల్లె డిగ్రీతోనో వెళ్లిన కుర్రాళ్లు ఒరాకిల్ డీబీఏ కోర్సు చేసి, అర్ధరాత్రి బ్యాకప్పులకు కాపలా కాసి ఇళ్లు కట్టారు. 2006లో హడూప్ వచ్చింది. డగ్ కటింగ్ దానికి తన కొడుకు ఆడుకునే పసుపు ఏనుగుబొమ్మ పేరు పెట్టాడు. ఆ ఏనుగుకు ఇండెక్సుతో పనిలేదు. గుట్టగా పోసిన ఫైళ్లను వందల మెషీన్లకు పంచి, మొదటినుంచి చివరిదాకా చదివేస్తుంది. ఇండెక్సులు సానబెట్టి బతికినవాళ్లకు గుండె గుభేలుమంది.

కాపాడింది హైవ్. ఫేస్‌బుక్ ఇంజినీర్లు హడూప్ మీద ఎస్‌క్యూఎల్ లాంటి భాష నడిచేలా దాన్ని తయారుచేశారు. 'సెలెక్ట్' వచ్చినవాడికి సగం దారి దొరికింది. మిగతా సగం పార్టిషన్లు, అంటే తేదీల వారీగా ఫైళ్లను విడదీసి పెట్టడం. దస్తావేజు నంబరు పక్కన గీత గీసి సంవత్సరం వేసే మన రిజిస్ట్రారు ఆఫీసుకు ఇదేం కొత్త? హైవ్ మూడో వెర్షన్లో ఇండెక్సులను పూర్తిగా తీసేశారు, పార్టిషన్లు మిగిలాయి. డీబీఏ బోర్డు తిప్పి డేటా ఇంజినీరయ్యాడు. బ్యాకప్పు, ట్యూనింగు క్లౌడు చూసుకుంటోంది. ఈ గడిలో ఉన్నదాని అర్థమేమిటి, దాన్ని ఎవరు చూడొచ్చు అన్న తకరారు మాత్రం మనిషి దగ్గరికే వస్తోంది.

2020 డిసెంబరులో ఆంధ్రలో మొదలైన భూముల రీసర్వే చూడండి. డ్రోన్లు ఎగిరాయి, శాటిలైట్లతో హద్దులు కొలిచారు, పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లొచ్చాయి. చాలాచోట్ల ఇద్దరు ముగ్గురు రైతుల చేలు ఒకే నంబరు కింద జాయింట్ ఎల్‌పీఎంగా పడ్డాయి. 2024 డిసెంబరులో రెవెన్యూ సదస్సులు పెడితే ఆ గొడవే అర్జీలై వచ్చింది. ఎవరి చెక్క ఎక్కడిదాకానో తేల్చడానికి సర్వేయరు మళ్లీ చేలోకి దిగి, గట్టుకు అటూ ఇటూ ఉన్న రైతులను పిలిపించాల్సి వస్తోంది.