మైక్రోగ్లియా

మైక్రోగ్లియా అనేవి మెదడులోనూ వెన్నుపాములోనూ స్థిరనివాసం ఏర్పరచుకున్న రోగనిరోధక కణాలు. మెదడులోని కణాల్లో సుమారు 5 నుంచి 10 శాతం వరకు ఉండే ఇవి సూక్ష్మజీవులను, చనిపోయిన కణాల శిథిలాలను మింగివేసి నాడీ కణజాలాన్ని కాపాడతాయి. వయసు మీదపడేకొద్దీ వీటి నడవడి మారుతుందనీ, ఆ మార్పు అల్జీమర్స్, పార్కిన్సన్స్ వంటి నాడీక్షయ వ్యాధుల గమనంపై ప్రభావం చూపుతుందనీ గత నాలుగు దశాబ్దాల పరిశోధన వెల్లడించింది. మైక్రోగ్లియాను అణచేందుకు ప్రయోగించిన మందుల్లో ప్రముఖమైన మినోసైక్లిన్ మూలాలు, గోదావరి డెల్టాలోని భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన ప్రయోగశాలలో ఉన్నాయి.

ఆవిష్కరణ

జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కోవ్ 1856లో నాడీకణాల నడుమ ఉండే పదార్థానికి గ్రీకులో జిగురు అనే అర్థమున్న మాటతో 'న్యూరోగ్లియా' అని పేరు పెట్టి, దాన్ని నాడీకణాలను అతికి ఉంచే పూరకంగా మాత్రమే భావించాడు. అల్జీమర్స్ వ్యాధికి పేరిచ్చిన అలోయిస్ అల్జైమర్ 1906లో వివరించి, మరుసటి ఏడాది ప్రచురించిన కేసులో, రోగి మెదడులో ఫలకాలతో, నాడీకణాల్లోని ముడులతో పాటు గ్లియా కణాల్లో కొవ్వు నిండిన సంచులు కూడా ఉన్నాయని రాశాడు గానీ, తరువాతి తరాల దృష్టి మొదటి రెండింటి మీదనే నిలిచింది.

స్పెయిన్ శాస్త్రజ్ఞుడు పియో దెల్ రియో ఓర్తేగా వెండి కార్బొనేటుతో అద్దకం వేసే పద్ధతిని రూపొందించి, అంతవరకూ కంటికి ఆనని సన్నని కొమ్మల కణాలను సూక్ష్మదర్శిని కింద స్పష్టంగా చూపి, 1919లో వాటికి మైక్రోగ్లియా అని పేరు పెట్టాడు. మామూలు వేళల్లో కొమ్మలు చాచుకుని ఉండే ఈ కణం, గాయం తగిలినప్పుడు కొమ్మలు ముడుచుకుని అమీబాలా గుండ్రబడి శిథిలాలను మింగుతుందని ఆయన చెప్పిన మాట నేటికీ నిలిచి ఉంది. స్పెయిన్ అంతర్యుద్ధం కారణంగా దేశం విడిచిన ఆయన 1945లో బ్యూనస్ ఎయిర్స్‌లో మరణించాడు.

పుట్టుక, పనితీరు

ఈ కణాలు మెదడుకు వలస వచ్చినవి. పిండం తొలి దశలో సొనసంచిలో పుట్టి, రక్తప్రసరణ ద్వారా మెదడుకు చేరి, ఆపై అక్కడే విభజన చెందుతూ జీవితాంతం తమ సంఖ్యను నిలుపుకుంటాయని ఎలుకలపై జరిపిన పరిశోధనలో ఫ్లోరాన్ జిన్హూ బృందం 2010లో నిరూపించింది. మనిషి మెదడులో ఒక్కో మైక్రోగ్లియా సగటున నాలుగేళ్లకు పైగా బతుకుతుందని 2017లో లెక్కగట్టారు.

పుర్రె ఎముకను పలచగా అరగదీసి, సజీవమైన ఎలుక మెదడును లేజర్ సూక్ష్మదర్శినితో చూసిన రెండు బృందాలు, విశ్రాంతిలో ఉందనుకున్న కణం క్షణం తీరిక లేకుండా కొమ్మలను చాస్తూ, ముడుస్తూ చుట్టుపక్కల తడుముతూనే ఉంటుందని 2005లో వెల్లడించాయి. లేజర్ తాకిడితో చిన్న గాయం చేయగా, కాసేపట్లోనే ఇరుగుపొరుగు కణాల కొమ్మలు అటు సాగి, గాయం చుట్టూ గోడ కట్టినట్లు అల్లుకున్నాయి. ఎదిగే మెదడులో నాడీకణాల మధ్య అవసరానికి మించి ఏర్పడిన సంధులను, అంటే సినాప్స్‌లను, ఇవే తుంచివేస్తాయని 2011, 2012 సంవత్సరాల్లో వెలువడిన పరిశోధనలు తెలిపాయి.

వార్ధక్యం, వ్యాధులు

వృద్ధాప్యంలో మైక్రోగ్లియా కొమ్మలు పొట్టివై, కొన్నిచోట్ల తునకలుగా తెగి కనిపిస్తాయి. శిథిలాలను మింగే శక్తి తగ్గుతుంది. చిన్న ప్రేరణకే వాపును కలిగించే రసాయనాలను అతిగా విడుదల చేస్తాయి. ముసలి ఎలుకల మెదడులోని ఈ కణాల్లో కొవ్వు బిందువులు పేరుకుంటాయని 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపడంతో, అల్జైమర్ రాసిన కొవ్వు సంచుల ప్రస్తావనకు శతాబ్దం దాటాక మళ్లీ ప్రాధాన్యం వచ్చింది.

కెనడాలోని వాంకూవర్‌లో పనిచేసిన మెక్‌గీర్ దంపతుల బృందం 1980ల చివర్లో అల్జీమర్స్, పార్కిన్సన్స్ రోగుల మెదళ్లలో ఉద్రిక్త స్థితిలో ఉన్న మైక్రోగ్లియాను గుర్తించింది. ఆ ఉద్రిక్తత వ్యాధికి కారణమా, ఫలితమా అన్న వాదానికి 2013 మలుపు అయింది. ట్రెమ్2 అనే జన్యువులోని ఒక అరుదైన మార్పు అల్జీమర్స్ ముప్పును దాదాపు మూడు రెట్లు పెంచుతుందని రెండు బృందాలు ప్రకటించాయి. మెదడులో ఆ జన్యువు పనిచేసేది ప్రధానంగా మైక్రోగ్లియాలోనే కనుక ఈ కణం వ్యాధికి సాక్షి మాత్రమే కాదని, అందులో భాగస్వామి కూడానని తేలింది.

చికిత్సా ప్రయత్నాలు

అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో సుబ్బారావు పరిశోధన సంచాలకుడిగా ఉన్న కాలంలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్‌ను వెలికితీయగా, అది సుబ్బారావు మరణించిన 1948లోనే లోకానికి వెల్లడై, టెట్రాసైక్లిన్ కుటుంబానికి ఆద్యమైంది. ఆయన అనంతరం అదే సంస్థ రూపొందించిన మినోసైక్లిన్ ఆ కుటుంబంలోనిదే. మెదడులోకి తేలిగ్గా చొరబడి మైక్రోగ్లియా ఉద్రేకాన్ని తగ్గించే ఈ మందు ఎలుకల్లో మంచి ఫలితాలిచ్చినా, కండరాలను నడిపే నాడులు క్షీణించే ఏఎల్ఎస్ వ్యాధి ఉన్న 412 మందిపై జరిపిన పరీక్షలో రోగుల క్షీణతను మరింత వేగవంతం చేసిందని 2007లో వెల్లడైంది. స్వల్ప అల్జీమర్స్ ఉన్న 544 మందిపై రెండేళ్లు జరిపిన పరీక్షలోనూ అది మేలు చేయలేదని 2020లో తేలింది. కాపలాదారును నోరు నొక్కి కూర్చోబెడితే కాపలా కూడా ఆగిపోతుందన్నదే ఈ వైఫల్యాల నుంచి పరిశోధకులు తీసుకున్న పాఠం. అమెరికాలో 2023లో పూర్తి ఆమోదం పొందిన లెకానెమాబ్ అనే అల్జీమర్స్ మందు మినోసైక్లిన్‌కు ఎదురు దారిలో నడుస్తుంది. ఫలకాల్లోని అమిలాయిడ్ అనే ప్రోటీన్‌కు అంటుకుని, దాన్ని మింగేలా మైక్రోగ్లియాను పురికొల్పుతుంది. అది క్షీణతను కొంత నెమ్మదింపజేస్తుందే తప్ప పోయిన జ్ఞాపకాన్ని తిరిగి ఇవ్వదు.

తెలుగువారి సందర్భం

భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా, అంటే అల్జీమర్స్ వంటి వ్యాధుల వల్ల కలిగే మతిక్షీణత, ఉందని 2023లో ప్రచురితమైన జాతీయ అంచనా. తెలుగు మాట్లాడేవారు అధికంగా ఉండే కర్ణాటక సరిహద్దు ప్రాంతమైన కోలారు జిల్లా శ్రీనివాసపురంలో, బెంగళూరులోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ 45 ఏళ్లు పైబడిన 10,000 మందిని ఏళ్ల తరబడి పరిశీలించే లక్ష్యంతో అధ్యయనం నడుపుతూ, వారి జ్ఞాపకశక్తిని, రక్త నమూనాలను, మెదడు చిత్రాలను నమోదు చేస్తున్నది. మండపేట మొదలుకొని గోదావరి డెల్టా ఊళ్లన్నింటా పెద్దవారి మరపును చాదస్తమని సరిపెట్టుకోవడం అలవాటే అయినా, చెప్పిందే చెప్పడం, తెలిసిన దారి తప్పడం వంటివి కనిపించినప్పుడు వాటి వెనుక వైద్యుడు పరీక్షించవలసిన వ్యాధి ఉండవచ్చునన్న ఎరుక, మైక్రోగ్లియా చరిత్ర సామాన్య పాఠకుడికి ఇచ్చే అత్యంత ఉపయుక్తమైన జ్ఞానం.