పిలకాయల వయసు ఎవరు రాస్తారు?

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న పుట్టింది. కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను విడదీసి, ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వైపు ప్రాంతాలను తెచ్చి ఒక జిల్లాగా కుట్టారు. గ్రూప్-2కి చదివే మన పిల్లలకి ఇది కంఠతా వచ్చు. అదే 1911లో వచ్చిన ఇంకో కాగితం గురించి మాత్రం ఏ గైడులోనూ ప్రశ్న ఉండదు. అది క్రిమినల్ ట్రైబ్స్ చట్టం. 1871 నాటి పాత చట్టం మద్రాసు ప్రెసిడెన్సీని తాకలేదు. 1911 చట్టం తాకింది. ఎరుకలవాళ్ళనీ, ఇంకా ఎన్నో సంచార కులాలనీ మన దగ్గర పుట్టుకతోనే నేరస్తులుగా రాసుకున్నది దీని కిందే.

ఆ చట్టంలో 17వ సెక్షన్ ఒకటుంది. నేరస్త తెగగా ప్రకటించిన వాళ్ళ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ బళ్ళలో వేసే అధికారం సర్కారుకి ఇచ్చింది. పిల్లలంటే ఎవరు? ఆరేళ్ళు దాటి, పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళు. ఆ పిలగాడు ఏం చేశాడని అడగక్కర్లేదు. ఏ తల్లికి పుట్టాడన్నది చాలు. పెద్దవాళ్ళకయితే 23వ సెక్షన్: జాబితాలోని నేరాల్లో రెండోసారి దొరికితే ఏడేళ్ళకు తగ్గని జైలు, మూడోసారి దొరికితే జీవితాంతం ద్వీపాంతరం. అదే నేరం రెడ్డిగారి కొడుకు చేస్తే మామూలు శిక్షాస్మృతి. స్టువర్టుపురం, సీతానగరం, కావలి సెటిల్‌మెంట్లు ఈ చట్టం నీడలోనే పెరిగాయి.

పద్దెనిమిది అనే ఆ అంకెను గుర్తు పెట్టుకోండి. 1911లో తెల్లదొర పద్దెనిమిదేళ్ళ దాకా మనవాడు పిల్లాడే అన్నాడు, ఎత్తుకుపోవడానికి. 2015లో ఢిల్లీ పార్లమెంటు పదహారేళ్ళకే వాడు పెద్దవాడు కావచ్చు అంది, జైల్లో వేయడానికి. బాల్యం అనేది మన విషయంలో ఎప్పుడూ సర్కారు చేతిలో రబ్బరే. దాన్ని లాగుతారు, లేదంటే వదులుతారు.

ఇదే మద్రాసు ప్రెసిడెన్సీ 1920లో పిల్లల చట్టం తెచ్చింది. దేశంలో అలాంటి మొదటి చట్టం అదే. బెంగాల్ 1922లో, బొంబాయి 1924లో ఆ దారి పట్టాయి. పిల్లల్ని పెద్దల జైళ్ళలో పెట్టొద్దు, వేరే కోర్టు ఉండాలి, బాగుచేయాలి అన్నది అందులోని ఆలోచన. మంచిదే. కానీ 1947లో మద్రాసు క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని రద్దు చేసేదాకా, 27 ఏళ్ళు, ఈ రెండు చట్టాలూ ఒకే ప్రభుత్వం బీరువాలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పిల్లాడు తప్పు చేసినా పిల్లాడే అంటుంది. రెండోది తప్పు చేయకపోయినా నేరస్తుడే అంటుంది. ఎవరికి ఏ చట్టమో కులం చెప్పేది.

తర్వాతి కథ తొందరగా చెప్తాను. 1986 చట్టంలో మగపిల్లలకి 16, ఆడపిల్లలకి 18. 1992లో మన దేశం ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో చేరింది. 2000 చట్టం అందరికీ 18 చేసింది. 2012 డిసెంబర్ 16న ఢిల్లీ బస్సులో ఆ ఘోరం జరిగింది. నిందితుల్లో ఒకడికి పదిహేడేళ్ళు. జస్టిస్ వర్మ కమిటీ వయసు తగ్గించొద్దని చెప్పింది. పార్లమెంటు స్థాయీ సంఘం కూడా అదే చెప్పింది. వాడు మూడేళ్ళు గడిపి 2015 డిసెంబర్‌లో బయటికి రాగానే, రెండు రోజుల్లో రాజ్యసభ కొత్త బిల్లుని పాస్ చేసేసింది. 2016 జనవరి 15 నుంచి అమలు.

ఆ చట్టంలో 15వ సెక్షన్ మనకి కావలసింది. కనీసం ఏడేళ్ళ శిక్ష ఉన్న నేరాన్ని చట్టం ఘోర నేరం అంటుంది. పదహారు నిండినవాడు అలాంటి కేసులో దొరికితే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందస్తు మదింపు చేయాలి. బోర్డంటే ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు. వాళ్ళు చూడాల్సినవి: నేరం చేసే శారీరక, మానసిక సామర్థ్యం, పర్యవసానం అర్థం చేసుకునే శక్తి, ఏ పరిస్థితుల్లో చేశాడన్నది. ఆ నేరం చేశాడా లేదా అన్నది అక్కడ తేలదు. పెద్దవాడిగా విచారించాలని తోస్తే చిల్డ్రన్స్ కోర్టుకి పంపుతారు. ఆ కోర్టు కూడా సరేనని శిక్ష వేస్తే ఉరి ఉండదు, విడుదలకు అవకాశం లేని యావజ్జీవం ఉండదు. 21 ఏళ్ళ దాకా వేరే చోట ఉంచుతారు, తీరు చూసి అవసరమనుకుంటే జైలుకి పంపుతారు. ఇంకోటి ఎవరూ చెప్పరు. జువెనైల్‌గా తేలినవాడికి ఆ కేసు వల్ల ఉద్యోగాలకీ మరిదేనికీ అనర్హత రాదు. పెద్దవాడిగా తేలితే ఆ రక్షణ పోతుంది. రిజర్వేషన్ ఉన్నా పోలీస్ వెరిఫికేషన్ దగ్గర వాడి బతుకు ఆగిపోతుంది.

‘సామర్థ్యం’ అన్న మాట దగ్గర తెలుగు చదువుకున్నవాణ్ణిగా నేను ఆగిపోతాను. పన్నెండేళ్ళకే బెంగళూరు పోయి సెంట్రింగ్ పనిలో కడ్డీలు మోసిన కుప్పం పిల్లాడిని బోర్డు ముందు నిలబెట్టండి. చేతులు కాయలు కాసుంటాయి. ముఖం ముదిరుంటుంది. ఒంటరిగా బస్సెక్కి మూడు రాష్ట్రాల హద్దులు దాటగలడు, మేస్త్రీతో కూలి బేరమాడగలడు. బతకడం తెలిసినవాడు కాబట్టి నేరం పర్యవసానం కూడా తెలుసు అంటారు. ఏసీ కారులో ట్యూషన్‌కి పోయే పదిహేడేళ్ళవాడు మాత్రం ‘ఇంకా పిల్లాడేనండీ’. పేదరికం నేర్పిన లోకజ్ఞానమే పేదవాడి మీద సాక్ష్యం అవుతుంది. సుప్రీంకోర్టు 2022 జులైలో గురుగ్రామ్ బడి కేసులో ఈ మదింపు ఎంత సున్నితమో చెప్పింది. బోర్డులో మనస్తత్వ శాస్త్రం చదివిన సభ్యులు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరి అంది. మన జిల్లాల్లో అలాంటి నిపుణులు ఎంతమంది ఉన్నారో, ఎన్ని నిమిషాలు మాట్లాడతారో ఆర్టీఐ వేసి అడగండి. విద్యార్థి సంఘాలు చేయగలిగిన పని ఇది.

హత్యలు చేసే పిల్లల గురించే ఈ చట్టం అనుకుంటే పొరపాటు. మన వాడల్లోకి ఇది వచ్చే అసలు దారి ప్రేమ. 2012 పోక్సో చట్టం తర్వాత పద్దెనిమిది నిండని అమ్మాయి ఇష్టానికి చట్టంలో విలువ లేదు. 2019 సవరణ తర్వాత లైంగిక సంబంధం రుజువైతే కనీస శిక్ష పదేళ్ళు. అంటే ఘోర నేరం. మాల మాదిగ పల్లె నుంచి పదిహేడేళ్ళవాడు, ఊళ్ళోంచి పదిహేడేళ్ళ అమ్మాయి. ఇద్దరూ ఇష్టపడి తిరుపతి బస్సెక్కారు. మూడో రోజు స్టేషన్‌లో అమ్మాయి తండ్రి రాసిచ్చిన ఫిర్యాదులో కిడ్నాపూ ఉంటుంది, పోక్సో ఉంటుంది. అమ్మాయి ఇంటికి, అబ్బాయి బోర్డుకి. ఒకే వయసు, ఒకే బస్సు, ఒకే టికెట్ ధర. అక్కడ మదింపు చేసేది అబ్బాయి తెలివినా, కులం గీత దాటిన అతని ధైర్యాన్నా?

ఇక వయసు. వాడికి పదహారు నిండిందా, పద్దెనిమిది నిండిందా అన్నదాని మీద మొత్తం కథ తిరుగుతుంది. 94వ సెక్షన్ ప్రకారం ముందు బడి ఇచ్చే పుట్టినతేదీ ధ్రువపత్రం గానీ పదో తరగతి సర్టిఫికెట్ గానీ చూడాలి. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష, అందులో రెండేళ్ళు అటూ ఇటూ తేడా మామూలే. ఇప్పుడు మన అటెండెన్స్ రిజిస్టర్లు తీయండి. జూన్ నెలలో ఎంతమంది దళిత పిల్లలు పుట్టారో చూడండి. మా వైపు హెడ్మాస్టరు బడి తెరిచిన రోజు ఎత్తు చూసి, చెయ్యి తల మీదుగా చెవికి అందుతుందా అని చూసి తేదీ వేసేవాడు. వయసు చాలకపోతే ఒక ఏడు కలిపేవాడు, మధ్యాహ్నం అన్నమన్నా తింటాడని. దయతో కలిపిన ఆ ఏడే రేపు వాడిని పెద్దల కోర్టుకి తోస్తుంది.

ఆ రిజిస్టర్ ఎవరూ తెరవకపోతే ఏమవుతుందో 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర చూశాం. హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు తెల్లవారుజామున కాల్చి చంపారు. నారాయణపేట జిల్లా పేద కుటుంబాల పిల్లలు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మనవాళ్ళూ చల్లారు, దాచేది లేదు. వారం తిరిగేసరికి ఆంధ్ర అసెంబ్లీ 21 రోజుల్లో శిక్ష అంటూ దిశ బిల్లు పాస్ చేసింది. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిగాయంది, పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలంది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది, బడి రికార్డులు చూసే. వాళ్ళని బోర్డు ముందు పెట్టాలా, పెద్దల కోర్టుకి పంపాలా అన్న ప్రశ్న ఎవరూ అడగకుండానే తూటా జవాబు చెప్పేసింది. అదే నవంబర్‌లో ఆసిఫాబాద్ దగ్గర బుడగజంగాల స్త్రీని చెరిచి చంపారు. ఆమె కోసం హైవేల మీద కొవ్వొత్తులు వెలగలేదు. కోపానికి కూడా కులం ఉంటుంది.

బతికి బయటపడ్డవాడు ఒకడున్నాడు. నిరనారామ్ చేతన్‌రామ్ చౌదరి, రాజస్థాన్ నుంచి పుణెకి పనికొచ్చినవాడు. 1994 నాటి హత్యల కేసులో ఉరిశిక్ష పడింది, సుప్రీంకోర్టు దాకా ఖాయమైంది. కోర్టు కాగితాల్లో వాడి పేరే నారాయణ్ అని తప్పుగా నడిచింది. ఊరి బడి రిజిస్టర్‌లో పుట్టినతేదీ 1982 ఫిబ్రవరి 1. అంటే నేరం నాటికి పన్నెండున్నరేళ్ళు. 2023 మార్చిలో సుప్రీంకోర్టు వదిలేసింది. 28 ఏళ్ళు జైల్లో గడిచాక. మైనర్‌నన్న వాదన ఏ దశలోనైనా, తుది తీర్పు తర్వాత కూడా చేయొచ్చని చట్టంలోనే ఉంది. ఆ మాట వాడికి చెప్పడానికి ఒక మనిషి దొరకాలి కదా.

దీని పక్కన జూబ్లీహిల్స్ పెట్టి చూడండి. 2022 మేలో ఒక బాలికపై సామూహిక అత్యాచారం. నిందితుల్లో ఐదుగురు మైనర్లు, పలుకుబడి ఉన్న ఇళ్ళ పిల్లలూ అందులో ఉన్నారు. సెప్టెంబర్‌లో బోర్డు నలుగురిని పెద్దలుగా విచారించాలంది. ఒకరి విషయంలో ఆ ఉత్తర్వుని 2023 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ పిల్లాడికి అలాంటి లాయర్ దొరకడం మీద నాకు ఏడుపు లేదు. పుంగనూరు పిల్లాడికీ అలాంటి లాయరే కావాలంటున్నాను.

ఒక ప్రశ్న మీలో చాలామంది అడుగుతారు, అడగాలి కూడా. చనిపోయింది మన బిడ్డయితే? చెరిచినవాడు పదిహేడేళ్ళ పెత్తందారీ కొడుకయితే? అప్పుడూ ఇదే మాటంటావా అన్నా? అంటాను. నోరు పెగలకపోయినా అంటాను. ఎందుకంటే 15వ సెక్షన్ అనే కత్తికి పిడి మన చేతిలో లేదు. 2013లో జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో దొరికిన పిల్లల్లో సగం మంది ఏడాదికి 25 వేల లోపు ఆదాయం ఉన్న ఇళ్ళవాళ్ళు. మన జనాభా 16.6 శాతమైతే జైళ్ళలో మనవాళ్ళు ఐదింట ఒక వంతు. మన బిడ్డకి న్యాయం ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద కేసు వెంటనే నమోదు కావడంలో ఉంది, సాక్షుల్ని కాపాడటంలో ఉంది. నేరస్తుడి వయసు రెండేళ్ళు తగ్గించడంలో లేదు. ఒప్పుకోని మిత్రులు కింద రాయండి, తిట్లు లేకుండా.

ఇప్పటికి చేయాల్సింది ఒకటుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఎక్కడైనా మన పిలగాణ్ణి స్టేషన్‌కి తీసుకుపోయారని తెలిస్తే, లాయర్ కోసం పరిగెత్తే ముందు ఒకరు బడికి పరిగెత్తండి. టీసీ చాలదు, 94వ సెక్షన్ చెప్పే పత్రం టీసీ కాదని 2023 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. మొదట చేరిన బడి అడ్మిషన్ రిజిస్టర్‌లోని తేదీతో హెడ్మాస్టరు ఇచ్చే పుట్టినతేదీ ధ్రువపత్రం తీసుకోండి, ఆ పేజీ ఫోటో తీసుకోండి. పంచాయతీలో జనన నమోదు ఉందేమో చూడండి. 24 గంటల్లోపు బోర్డు ముందు పెట్టాలి, లాకప్‌లో ఉంచకూడదు, పేరూ ఫోటో ఎవరూ బయటపెట్టకూడదు. మన వాట్సాప్ గ్రూపులతో సహా.

వచ్చే భాగంలో స్టువర్టుపురం, కావలి సెటిల్‌మెంట్ల బళ్ళలో ఎరుకల పిల్లలకి ఏం నేర్పారో రాస్తాను. జై భీమ్.