లాగ్ ఇంట్లోనే ఉంటే దొంగ చెరిపేస్తాడు!

ఇంట్లోని లైనక్స్ పీసీలోకి ఎవరో లాగిన్ అవ్వబోయారనుకోండి, మీ ఫోన్‌కి మెయిల్ వచ్చేలా పెట్టుకోవచ్చు. ఈ లాగ్‌కీ మెయిల్‌కీ చుట్టరికం పాతదే.

1980ల మొదట్లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో ఎరిక్ ఆల్మన్ సెండ్‌మెయిల్ రాశాడు. మెయిల్స్ పంపే ప్రోగ్రామ్ అన్నమాట. ఏ మెయిల్ ఎక్కడ ఆగిందో తెలియాలి కదా? ఆ పనికోసమే సిస్‌లాగ్ పుట్టింది. తర్వాత మిగతా ప్రోగ్రాములూ దాన్నే పట్టుకున్నాయి. మెసేజ్ ఎంత సీరియస్సో చెప్పడానికి 0 నుంచి 7 దాకా నంబర్లు. 0 అంటే సిస్టమ్ పనికిరాకుండా పోయినట్టే.

మరి లాగ్ రాసుకుంటే సరిపోతుందా? 1986లో అదే ఊళ్లోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో, కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది. ముప్పావు డాలరు! నేనైతే వదిలేసేవాణ్ణి. క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్త వదల్లేదు. తీగ లాగితే డొంకంతా కదిలింది, ఎవడో లోపలికి చొరబడ్డాడు. చొరబడ్డవాడి చేతికి అడ్మిన్ పవర్ వస్తే లాగ్ కూడా చెరిపేయగలడు. అందుకే స్టోల్ ఆఫీసుల్లోంచి ప్రింటర్లు మోసుకొచ్చి, బయటి నుంచి వచ్చే లైన్లకి తగిలించాడు. కాగితం మీద పడ్డది అవతలివాడు చెరపలేడుగా! చివరికి పశ్చిమ జర్మనీలో మార్కస్ హెస్ దొరికాడు.

మన మెయిల్ చేసేదీ ఆ ప్రింటర్ పనే, పీసీ దాటి వెళ్లిపోతుంది. స్పామ్ గొడవ వల్ల చాలా ఇంటి కనెక్షన్లలో 25వ పోర్ట్ మూసేశారు. జీమెయిల్ యాప్ పాస్‌వర్డ్ తీసుకుని 587లో పంపండి. లాగ్ మొత్తం పంపకండి బాబూ, రెండోరోజుకే చూడటం మానేస్తారు. 0 నుంచి 3 చాలు. తప్పుడు పాస్‌వర్డ్‌లు మామూలుగా వాటిలో రావు, 5లోనో 6లోనో ఉంటాయి. వాటిని విడిగా కలపండి.